తడి గుడ్డ మీద నారింజ పూలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో సెంటు వాసన రెండే సందర్భాల్లో వచ్చేది. పెళ్లికి పోతే పన్నీరు, జ్వరమొస్తే ఓడికొలోన్. అమ్మ కుండలో నీళ్లు గిన్నెలోకి వంపి, నాలుగు చుక్కలు వేసి, పాత చీర చింపిన గుడ్డ అందులో ముంచి నా నుదుటి మీద పరిచేది. గుడ్డ ఆరేలోపు వాసనా పోయేది. మళ్లీ ముంచేది. ఆ సీసాలో ఉండే పరిమళానికి ఆధారం నారింజ పూల నూనె, నిమ్మ జాతి తొక్కల నూనె అని ముప్పై ఏళ్ల తర్వాత గానీ నాకు తెలియలేదు. తెలిసిన రోజు లేచి పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. మా పెరట్లో ఉన్నది నారింజ చెట్టే.

తీపి కమలా కాదు. పులిహోరలోకి పిండుకునే పుల్ల నారింజ. ఈ చెట్టు పూలనే పడమటి దేశాల్లో ఆవిరి పట్టి ‘నెరోలీ’ అనే నూనె తీస్తారు. పదిహేడో శతాబ్దంలో ఇటలీలోని నెరోలా సంస్థానపు రాణి తన చేతి తొడుగులకు ఆ నూనె పూయించుకునేదట, ఆమె ఊరి పేరే నూనెకు స్థిరపడింది. 1000 కిలోల పూలు వండితే వచ్చేది కిలో నూనె. 1709లో జర్మనీలోని కొలోన్ నగరంలో దుకాణం తెరిచిన ఫారినా కుటుంబం దాన్ని నిమ్మ, బెర్గమోట్ తొక్కల నూనెలతో కలిపి సారాయిలో కరిగించి అమ్మింది. వాళ్లు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు. చలి దేశంలో కూర్చుని తమ ఎండ దేశపు తోటల్ని సీసాలో పట్టుకున్నారు. ఆ సీసాయే తిరిగి తిరిగి మా అమ్మ మందుల అలమారులోకి వచ్చింది. నారింజ అన్న మాటకు మూలం ద్రావిడమేనని చాలామంది భాషావేత్తలు అంటారు. సంస్కృతం, పారశీకం, అరబ్బీ మీదుగా ఆ మాట స్పెయిన్ దాకా పోయి అక్కడ ‘నరాంహా’ అయింది. మాట మనది, చెట్టు మన పెరటిది. పూల నీళ్లు పట్టే అలవాటు ఒక్కటే మా ఇళ్లలో లేకపోయింది.

మాది ఒంగోలు. ఇక్కడి ఎండ గురించి ఒంగోలు వాళ్లకు చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పడమటి గాలి కొడితే కిటికీ చువ్వలు ముట్టుకోలేం. సాయంత్రం కొత్తపట్నం వైపు నుంచి గాలి తిరిగితేనే ప్రాణం లేచొస్తుంది. ఈ వేడికి ఏ వాసనైనా త్వరగా లేస్తుంది, గాఢమైనది మరీ లేస్తుంది. బజారు సెంట్లు రోజంతా నిలుస్తాయని చెప్పి అమ్ముతారు. మే నెలలో కిక్కిరిసిన బస్సులో ఆ నిలకడ ఎంత బాధో పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు తెలుసు. మన వాడుకలో వేసవి పరిమళాలన్నిటికీ ఒకటే గుణం చెబుతారు: చలువ. గంధం చలువ, వట్టివేరు చలువ, మల్లెపూలు చలువ. అన్నీ నీళ్లతోనో తడితోనో ముడిపడినవే. గంధం సానమీద నీళ్లతో అరిగితేనే గంధం. వట్టివేళ్ల తడక తడిపితేనే పరిమళిస్తుంది. మా వీధికి వచ్చే అత్తరు సాయిబు కూడా ‘‘ఎండకి ఖస్, చలికి హీనా తీసుకోండమ్మా’’ అనేవాడు. ఖస్ అంటే వట్టివేరే.

అలాంటి చలువ పరిమళమే ఇప్పుడు నేను ఇంట్లో చేసుకుంటున్నాను. శివరాత్రి నాటికి మా నారింజ పూతకొస్తుంది. ఉగాది దాటితే పిందె పడుతుంది. పూసిన వాటిలో చాలా భాగం రాలిపోయేవే గనక నేను కోయను. తెల్లవారుతుండగా చెట్టు కింద పాత దుప్పటి పరిచి కొమ్మను మెల్లగా దులుపుతాను. వదులైనవి రాలతాయి, కాయ కట్టాల్సినవి ఉండిపోతాయి. ట్యునీసియాలో నాబుల్ అనే ఊళ్లోనూ ఈ పూల కాలంలో చెట్ల కింద గుడ్డలు పరుస్తారు.

పెద్ద తపేలాలో పూలు, అవి మునిగేటన్ని నీళ్లు. మధ్యలో కడిగిన ఇటుక ముక్క, దాని మీద స్టీలు గిన్నె. మూతను వెల్లకిలా పెట్టాలి, దాని బొడిపె సరిగ్గా గిన్నెలోకి చూస్తుండాలి. అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తాలి. కనౌజ్‌లో అత్తరు కాచేవాళ్లు డేగ్ అనే రాగి కాగు మూతకు మట్టి, దూది కలిపి మెత్తుతారు, పని అదే. మూత మీద మంచుగడ్డలు పోసి సన్న సెగ పెడితే, ఆవిరి పైకి లేచి చల్లని లోహానికి తగిలి నీరై, బొడిపె కొస నుంచి చుక్కచుక్కగా గిన్నెలో పడుతుంది. ఆ చప్పుడు వింటూ పొయ్యి పక్కనే ఉండాలి. మంచు కరిగితే తోడి మళ్లీ పోయాలి. మొదటి అరగంటలో దిగిందే మేలైనది. ఆశపడి ఇంకాసేపు ఉంచితే ఉడికిన ఆకుకూర వాసన కలుస్తుంది. మొదటి రెండేళ్లు నేను ఆశపడి చెడగొట్టుకున్నాను. దిగిన నీళ్లకు మొదట్లో కాస్త కాగిన వాసన ఉంటుంది. వారం రోజులు ఫ్రిజ్‌లో పెడితే అది పోయి పువ్వు పైకి వస్తుంది.

మల్లె ఇలా లొంగదు. సెగ తగిలితే దాని అందం చచ్చిపోతుంది. కానీ మల్లెమొగ్గ తెంపాక కూడా విచ్చుకుంటుంది, రాత్రంతా పరిమళం పుట్టిస్తూనే ఉంటుంది. అందుకని పొట్టు తీసిన నువ్వుల్లో పొరలు పొరలుగా మొగ్గలు పరిచి గుడ్డ కప్పుతాను. నువ్వుల్లోని నూనె ఆ వాసనను పీల్చుకుంటుంది. పొద్దున్నే వాడిన పూలు ఏరి, సాయంత్రం కొత్తవి. ఏడు రాత్రులు. ఉత్తరాదిలో జౌన్‌పూర్ చమేలీ నూనె పుట్టింది ఈ పద్ధతిలోనే. ఎనిమిదో రోజు నువ్వులు గానుగకు తీసుకుపోతే అక్కడి పెద్దాయన గుప్పెడు తీసి వాసన చూసి, ‘‘ఈ నూనె కూరలో ఎయ్యబాకమ్మా, తలకి పెట్టుకో’’ అన్నాడు.

నిమ్మతొక్క సంగతి ఒకటి చెప్పాలి. ఒక ఏప్రిల్‌లో పచ్చి నిమ్మతొక్కలు పిండి ఆ నూనె మెడకు రాసుకుని మిట్టమధ్యాహ్నం కర్నూలు రోడ్డు మీద నడిచాను. రెండో రోజుకు మెడంతా ఎర్రగా కందింది, తర్వాత నల్లమచ్చలు పడ్డాయి. అవి పోవడానికి నెలలు పట్టింది. నిమ్మ, బెర్గమోట్ తొక్కల్లో బెర్గాప్టెన్ వంటి పదార్థాలుంటాయి, ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. అందుకే ఒంటికి రాసే సరుకులో పిండిన నిమ్మనూనె 0.7 శాతం మించకూడదని అంతర్జాతీయ సుగంధ సంఘం హద్దు పెట్టింది. ఆవిరి పట్టిన నిమ్మనూనెకు ఈ దోషం లేదు. సహజమైనది గనక మంచిదే అనుకోవడం నా పొరపాటు. అప్పటి నుంచి నా పరిమళం ఒంటి మీద పెట్టను, గుడ్డ మీద పెడతాను. పత్తి పండే నేల మనది, నేసే చీరాల పక్కనే ఉంది.

తెల్ల నూలు చేరుమాలు తీసుకుని, వట్టివేళ్లు రాత్రంతా నానిన నీళ్లలో ముంచి నీడన ఆరేస్తాను. మూల మీద మల్లె నూనె ఒక్క చుక్క. గడప దాటబోయే ముందు నారింజ నీళ్లు చిలకరిస్తాను. సీసాలో కలపాల్సిన మూడూ గుడ్డ మీదే కలుస్తాయి.

త్వరగా పోయే వాసనకు ఇంత శ్రమా అని అడిగినవాళ్లున్నారు. నేను మోటుపల్లి శాసనం తలుచుకుంటాను. చినగంజాం దగ్గరి ఆ రేవులో 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయ శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల జాబితా ఉంది. గంధం, కర్పూరం, పన్నీరు, జవ్వాది అందులో వరుసగా కనిపిస్తాయి. మన తీరానికి ఓడలు ఈ వాసనలు మోసుకొచ్చేవి. తర్వాత అద్దంకిలో మొదలై కొండవీడు చేరిన రెడ్డిరాజుల్లో కుమారగిరి ఏటా వసంతోత్సవాలు జరిపించాడు. సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయశెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. ఆ ఉత్సవాల వల్ల కుమారగిరికి వచ్చిన బిరుదు కర్పూర వసంతరాయలు. కర్పూరం గాలికి పెడితే ఎగిరిపోయే పరిమళం. ఒక రాజు దాన్ని తన పేరుకు ముందు పెట్టుకున్నాడు.

మొన్న మా చెల్లెలు పొద్దుటి పినాకిని రైల్లో నెల్లూరు వెళ్తుంటే ఒక చేరుమాలు తడిపి చేతిలో పెట్టాను. మధ్యాహ్నం ఫోన్ చేసింది. ‘‘అక్కా, సింగరాయకొండ దాటేసరికి నారింజ పోయింది. కావలి దాకా మల్లె ఉంది. నెల్లూరులో దిగేటప్పుడు మడత విప్పితే వట్టివేరు’’ అంది. తిరుగు ప్రయాణానికి ఇంకాస్త నారింజ నీళ్లు సీసాలో పోసి పంపాల్సింది, తోచలేదు. దుప్పటి ఉతికి ఆరేశాను. చెట్టు మీద ఇంకో నాలుగు రోజుల పూత ఉంది.