పేపర్ చదవొచ్చు, భోజనం ఎక్కడ?

1939లో ఒక పీహెచ్‌డీ విద్యార్థి నార్త్ కరొలైనా రాజధాని రాలీలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్లాడు. బానిసత్వం నడుస్తున్న రోజుల్లోనే బానిసలు కాకుండా బతికిన నల్లవాళ్ల మీద అతని పరిశోధన. డైరెక్టర్ మర్యాదస్తుడే. ఈ భవనం కట్టినప్పుడు ఒక నల్లవాడు వచ్చి ఇక్కడ చదువుకుంటాడని ఎవరూ అనుకోలేదు, ఓ వారం ఆగితే విడిగా గది చూస్తానన్నాడు. కుర్రవాడు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. వారం కాస్తా సగమైంది. గదితో పాటు కాగితాలు భద్రపరిచే చోటుకి తాళంచెవి కూడా ఇచ్చారు. తెల్ల ఉద్యోగులు నల్లవాడికి ఫైళ్లు మోసుకెళ్లి ఇవ్వడం బాగోదు కాబట్టి, కావలసినవి తనే తెచ్చుకోవాలని! మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, వివక్ష పుణ్యమా అని రూట్ యాక్సెస్ దొరికింది. రెండు వారాలకి తెల్ల పరిశోధకులు మాకూ అదే సౌకర్యం కావాలని గొడవ చేశారు. తాళంచెవి వెనక్కి తీసేసుకున్నారు.

ఆ విద్యార్థి జాన్ హోప్ ఫ్రాంక్లిన్. ఇది ఆయన ఆత్మకథ ‘మిర్రర్ టు అమెరికా’ (2005)లో ఉంది. ఆఫీసు పని మీద రాలీలో ఉన్న మూడు వారాల్లో, రాత్రిళ్లు హోటల్లో కూర్చుని చదివాను. నవ్వొచ్చే సంగతిలాగే మొదలవుతుంది. కాసేపటికి నవ్వినందుకు ఇబ్బందిగా అనిపిస్తుంది. పుస్తకం బలమంతా ఇలాంటి చోట్లే ఉంది.

ఫ్రాంక్లిన్ 1915లో ఓక్లహోమాలోని రెంటీస్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆరేళ్లప్పుడు తల్లితో రైలెక్కితే, తెల్లవాళ్ల పెట్టెలో కూర్చున్నారని మధ్యలో దింపేశారు. అడవి దారిన నడిచి ఇంటికొచ్చారు. 1921లో టల్సాలో నల్లవాళ్ల పేటని తగలబెట్టినప్పుడు, లాయరైన తండ్రి ఆఫీసు కూడా పోయింది. ఆయన టెంటు వేసుకుని అందులోంచే కేసులు నడిపాడు. కుటుంబం టల్సాకి మారడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఇలాంటి బాల్యం ఉన్న మనిషి చరిత్రకారుడు కావడంలో వింత లేదు. ఆయన ఎంచుకున్నది ఎవరి చరిత్ర, దాన్ని ఎవరి మధ్య కూర్చుని చెప్పాల్సి వచ్చింది అన్నదే అసలు కథ.

అప్పటి దక్షిణాది చరిత్ర రచన ఎలా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. 1861–65 అంతర్యుద్ధంలో ఓడింది దక్షిణాది. కానీ ఆ యుద్ధం కథ చెప్పడంలో చాలాకాలం పైచేయి దానిదే. యుద్ధం బానిసత్వం కోసం కాదనీ, ఆ తర్వాత నల్లవాళ్లకి ఓటు ఇచ్చిన పునర్నిర్మాణ కాలం అంతా అవినీతి, అరాచకం అనీ కొలంబియా యూనివర్సిటీలో విలియం డన్నింగ్, ఆయన శిష్యులు పుస్తకాల మీద పుస్తకాలు రాశారు. 1935లో డు బోయిస్ ‘బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్’ అనే పెద్ద పుస్తకంతో దాన్ని ఎదుర్కొన్నాడు. విద్యాలయాలు చాలాకాలం పట్టించుకోలేదు.

1934లో పుట్టిన సదరన్ హిస్టారికల్ అసోసియేషన్ ఏటా సభ పెట్టుకునేది. 1949లో విలియమ్స్‌బర్గ్ సభకి కార్యక్రమం చూసింది సి. వాన్ వుడ్‌వర్డ్. ఆయన ఫ్రాంక్లిన్‌ని పేపర్ చదవమని పిలిచాడు. ఆ సంఘం వేదిక మీద అంతకు ముందు ఏ నల్ల చరిత్రకారుడూ పేపర్ చదవలేదు. తర్జనభర్జన జరిగింది. పేపర్‌లో ఏముందన్న దాని మీద కాదు, ఆయన రాత్రి ఎక్కడ పడుకుంటాడు, ఎవరి పక్కన కూర్చుని తింటాడు అన్న దాని మీద! చివరికి ఒక తెల్ల చరిత్రకారుడు తన ఇంట్లో ఉండమన్నాడు. 1952లో వుడ్‌వర్డే అధ్యక్షుడు. నాక్స్‌విల్‌లో హోటల్ వాళ్లు నల్ల సభ్యులకి వడ్డించమంటే విందుని ఊరి బయటి హోటల్‌కి మార్చారు.

నాకు బాగా పట్టుకున్నది మాత్రం 1955 నవంబరు, మెంఫిస్ సభ. ఆ ఏడాది సంఘం అధ్యక్షుడు బెల్ వైలీ, అంతర్యుద్ధంలో మామూలు సైనికుల బతుకుల గురించి రాసినవాడు. పీబడీ హోటల్లో, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి కూర్చున్న సభలో, స్కూళ్లలో సెగ్రిగేషన్ చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు మీద ముగ్గురు మాట్లాడారు. నవలాకారుడు ఫాక్‌నర్, ఒక నాష్‌విల్ లాయరు, మోర్‌హౌస్ కాలేజీ అధ్యక్షుడు బెంజమిన్ మేస్. అప్పటికి ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాణ్ణి పక్కనే ఉన్న మిసిసిపీలో చంపి మూడు నెలలు కాలేదు. నిందితుల్ని జ్యూరీ వదిలేసింది. ఇంకో మూడు వారాలకి మాంట్‌గామరీ బస్సులో రోజా పార్క్స్ సీట్లోంచి లేవనంది. పాత యుద్ధం మీద పేపర్లు చదువుకునే సభలోకి వీధిలో జరుగుతున్నది నడిచి వచ్చిన సందర్భం అది. తీర్మానాలేవీ చేయలేదు. కానీ ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు అన్నదే అక్కడ పెద్ద వాదన.

వుడ్‌వర్డ్ అదే ఏడాది అచ్చేసిన ‘ద స్ట్రేంజ్ కెరీర్ ఆఫ్ జిమ్ క్రో’ కూడా చదివాను. సెగ్రిగేషన్ అనాదిగా ఉన్నది కాదు, అందులో ఎక్కువ భాగం యుద్ధం ముగిసిన పాతికేళ్లకి చట్టాలు చేసి కట్టినదే, కాబట్టి చట్టాలతో తీసెయ్యనూ వచ్చు అన్నది ఆయన వాదన. చట్టాలకి ముందు ఉన్నది సమానత్వం కాదనీ, చాలాచోట్ల నల్లవాళ్లని అసలు రానివ్వకపోవడమేననీ తర్వాతి వాళ్లు తప్పుపట్టారు. ఆ విమర్శ సబబే. ఫ్రాంక్లిన్ పక్కన పెట్టి చదివితే ఇంకో తేడా తెలుస్తుంది. వుడ్‌వర్డ్‌కి సెగ్రిగేషన్ ఎప్పుడు మొదలైందన్నది ప్రశ్న. ఫ్రాంక్లిన్‌కి ఈ పూట అన్నం ఎక్కడ తినాలన్నది కూడా ప్రశ్నే.

ఆత్మకథకి లోపాలు లేకపోలేదు. రెండో సగంలో అవార్డులు, కమిటీలు, ప్రయాణాలు వరసగా వస్తాయి. 1997లో క్లింటన్ వేసిన జాతి సంబంధాల సలహా సంఘానికి ఆయనే అధ్యక్షుడు. అక్కడ ఏం సాధించలేకపోయారో ఇంకా గట్టిగా నిలదీసి రాయాల్సింది. వాక్యం ఎప్పుడూ సూటూ టై వేసుకునే ఉంటుంది. కోపం లేదని కాదు. దాన్ని తేదీ, ఊరు, పదవి పేరుతో సహా రికార్డు చేసి పెడతాడు. మొదట్లో ఇది చప్పగా అనిపించింది. తర్వాత అర్థమైంది, ఆవేశపడితే ‘ఇతను చరిత్రకారుడు కాదు’ అనడానికి కాచుకుని ఉన్నవాళ్ల మధ్య అరవై ఏళ్లు బతికిన మనిషి గొంతు ఇలాగే ఉంటుంది.

ఆ మూడు వారాల్లో ఒక ఆదివారం కొలీగ్స్‌తో కేరీలోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాను. భోజనాల దగ్గర చేతిలో పుస్తకం చూసి ఒకాయన, “మనకెందుకండీ వీళ్ల గొడవ?” అన్నాడు. అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడైతే చెప్పేవాణ్ణి. 1946 చట్టం ప్రకారం మన దేశం నుంచి అమెరికాకి ఏడాదికి వంద మందే వలస వెళ్లొచ్చు. ఆ కోటా పద్ధతి తీసేసింది 1965 అక్టోబరులో. అంతకు రెండు నెలల ముందే ఓటు హక్కుల చట్టం వచ్చింది. ఆ మార్చిలో సెల్మా నుంచి మాంట్‌గామరీకి సాగిన నడకలో ఫ్రాంక్లిన్, వుడ్‌వర్డ్ కూడా ఉన్నారు. పుట్టుకని బట్టి మనుషుల్ని ఆపకూడదని వాళ్లు తెచ్చిన ఒత్తిడి లేకపోతే మనం ఆ బంతిలో కూర్చుని పులిహోర తినేవాళ్లం కాదు.

1970–71లో ఫ్రాంక్లిన్ అదే సదరన్ హిస్టారికల్ అసోసియేషన్‌కి అధ్యక్షుడయ్యాడు. కథ అక్కడ ఆపేస్తే సుఖాంతమే. కానీ 1995లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకోవడానికి ముందు రోజు రాత్రి, వాషింగ్టన్‌లో తను సభ్యుడిగా ఉన్న క్లబ్బులో స్నేహితులకి విందిస్తుంటే, ఒక తెల్లావిడ కోటు టోకెన్ ఆయన చేతిలో పెట్టి తన కోటు తెచ్చిపెట్టమంది. అప్పటికి ఆయనకి ఎనభై ఏళ్లు.