తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఈ వేసవి సెలవుల్లో మా విశ్వవిద్యాలయం వాళ్ళు నాకొక పని అప్పగించారు. కొత్తగా చేరే ఉద్యోగుల చేతికిచ్చే పరిచయ పుస్తకం తెలుగు ప్రతి పాతబడిపోయింది, దాన్ని తిరగరాసి పెట్టమని. సాహిత్యంలో డాక్టరేట్ ఉంది కాబట్టి భాష బాగుంటుందనీ, ఆడమనిషి కాబట్టి ఓపిగ్గా చేస్తుందనీ కమిటీలో అనుకున్నారట. ఈ రెండో కారణం నాకు ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిసుంటే ఒప్పుకునేదాన్ని కాదని రాయాలని ఉంది గానీ, ఒప్పుకునేదాన్నే. నా పదోన్నతి ఫైలు కూడా ఆ టేబుల్ మీదే ఉంది.

పరిశోధన చేసినన్నాళ్ళూ స్త్రీల ఆత్మకథల్లో 'నేను' అనే మాట ఎక్కడ మాయమై 'మేము' అవుతుందో వెతకడమే నా పని. ఆ అలవాటు కొద్దీ ఈ 32 పేజీల పుస్తకాన్నీ ఎర్ర పెన్సిల్ పట్టుకుని చదివాను. అందులో 'క్యాంపస్ జీవితంలో మీ భాగస్వామ్యం' అని ఒక అధ్యాయం ఉంది. ఆటస్థలం, గ్రంథాలయం, సాంస్కృతిక కమిటీ, మొక్కలు నాటే కార్యక్రమం అన్నీ చెప్పి, ఉద్యోగి తన భార్యాపిల్లలతో కలిసి స్టాఫ్ క్లబ్బుకి రావచ్చునని ముగించారు. ఇంగ్లీషు ప్రతి తీసి చూస్తే అక్కడ 'ఫ్యామిలీ' అనే ఉంది. ఎప్పుడో ఎవరో అనువాదం చేస్తూ చేస్తూ, తెలియకుండానే, కొత్త ఉద్యోగికి ఒక భార్యని ఇచ్చేశారు. ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. దాచిపెట్టుకోవడం తెలియని వాక్యం.

కొత్తగా వచ్చినవాళ్ళని విశ్వవిద్యాలయంలో కలుపుకోవడం గురించి ఇప్పుడు కాగితాలు చాలానే ఉన్నాయి. 2019లో యూజీసీ విద్యార్థుల కోసం 'దీక్షారంభ్', కొత్త అధ్యాపకుల కోసం 'గురుదక్షత' అని మార్గదర్శకాలు తెచ్చింది. అంతకు ముందు 2018 నిబంధనల్లోనే అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి మెట్టు దాటి పైకి వెళ్ళాలంటే 21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు చేసి ఉండాలని షరతు ఉంది. అంటే స్వాగతం కూడా సర్టిఫికెట్ రూపంలో ఫైల్లో చేరుతుందన్నమాట. వాటిని తీసిపారేయను. పాఠం ఎలా చెప్పాలో ఎవరూ నేర్పకుండానే మనలో చాలామందిమి తరగతి గదిలోకి తోసెయ్యబడ్డవాళ్ళమే కదా. నా ప్రశ్న వేరు. ఈ కాగితాల దృష్టిలో 'కొత్త ఉద్యోగి' అంటే ఎవరు?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. నేను ఆ క్యాంపస్‌లో రెండుసార్లు చేరాను.

మొదటిసారి తొమ్మిదేళ్ళ కిందట, గెస్ట్ లెక్చరర్‌గా. అప్పుడు పుస్తకమూ లేదు, స్వాగతమూ లేదు. ఆఫీసులో గుమాస్తా నా ఇంటిపేరు అడిగి, దానితో తృప్తి పడక మీదే ఊరని అడిగి, ఊరితో కూడా తేలకపోయేసరికి మీ నాన్నగారేం చేస్తారని అడిగాడు. ఈ మూడు ప్రశ్నలూ ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం దాకా పాఠం చెప్పి మరుగుదొడ్డి ఎక్కడని చూస్తే, ఆడవాళ్ళదానికి తాళం వేసి ఉంది. తాళంచెవి శాఖాధిపతి సొరుగులో ఉంటుందన్నారు. వెళ్ళి ఆయన్ని అడగాలి. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, చేరిన మొదటి రోజున, గదిలో మరో నలుగురు సార్లు కూర్చుని ఉండగా.

వరండాలో నిలబడిపోయిన నన్ను చూసి ఊడుస్తున్న ఆవిడ దగ్గరికొచ్చింది. "సార్ను అడగకు బిడ్డా. ఇంకో తాళంచెయ్యి నా కాడుంటది" అంది. కొంగు ముడి విప్పి ఇచ్చింది.

ఆ వారంలో ఆవిడ నాకు చాలా చెప్పింది. ఏ కుళాయి నీళ్ళు తాగొచ్చు, సాయంత్రం ఐదు దాటాక ఏ మెట్ల మీదుగా దిగకూడదు, ఏ కుక్క కరుస్తుంది, ఏ సార్ గదిలోకి వెళ్తే తలుపు బార్లా తీసి ఉంచాలి. ఈ చివరిది చెప్పేటప్పుడు చీపురు ఆపలేదు, నా వైపు చూడలేదు. క్యాంపస్ గురించి నాకు ముట్టిన మొట్టమొదటి పరిచయ పుస్తకం అది.

వర్జీనియా వుల్ఫ్ 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' ఎం.ఏ.లో చదివాను, తర్వాత ఎన్నోసార్లు పాఠం చెప్పాను. 1928 అక్టోబరులో కేంబ్రిడ్జిలోని రెండు మహిళా కళాశాలల్లో ఇచ్చిన ఉపన్యాసాల నుంచి 1929లో పుస్తకమైంది. సొంత గది, సొంత డబ్బు అన్న మాటలే మనకి ఎక్కువగా గుర్తుంటాయి. ఉద్యోగంలో చేరాక నాకు మాత్రం అది క్యాంపస్‌కి కొత్తగా వచ్చిన మనిషి కథలా కనిపించడం మొదలైంది. ఆలోచించుకుంటూ గడ్డి మీద నడుస్తుంటే కాపలా మనిషి ఆపుతాడు. గడ్డి ఫెలోలకీ స్కాలర్లకీ, ఆమెకి కంకర దారి. గ్రంథాలయం తలుపు దగ్గర ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా, గొంతు తగ్గించి, స్త్రీలు కళాశాల ఫెలో వెంట రావాలి లేదా పరిచయ లేఖ తేవాలి అంటాడు. ఎవరూ కసురుకోరు. అక్కడ తలుపు మర్యాదగానే మూస్తారు. పరీక్షలు రాసి నెగ్గిన అమ్మాయిలకి కేంబ్రిడ్జి పూర్తి పట్టా ఇచ్చింది 1948లో, వుల్ఫ్ పోయిన ఏడేళ్ళకి.

పాఠం చెప్పేటప్పుడు ఆ రెండు భోజనాల దగ్గర నేను ఆగుతాను. మగవాళ్ళ కళాశాలలో చేపలు, వేటపిట్టలు, వైను. ఆడపిల్లల కళాశాలలో పలచటి సూపు, మాంసం, ఎండు ప్లమ్ పళ్ళు, మంచినీళ్ళు. ఈ తేడాలోంచి ఎవరికి వారసత్వంగా డబ్బొచ్చింది, ఎవరికి రాలేదు అన్న చర్చకి వుల్ఫ్ వెళ్తుంది. అద్భుతమైన చర్చే. కానీ ఆ గడ్డి మీద ఆపిన కాపలా మనిషి కూడా ఉద్యోగే కదా! ఆ మాంసం వండినావిడ ఏ దారిన లోపలికి వచ్చేదో, ఆమెని ఎవరు ఆపారో వుల్ఫ్ అడగలేదు. ఆ ప్రశ్న నాకు వుల్ఫ్ వల్ల రాలేదు, కొంగు ముడి వల్ల వచ్చింది.

రెండోసారి చేరింది అయిదేళ్ళ కిందట, రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా. అదే శాఖ, అదే గది, అదే సిలబస్. ఆ రోజు శాలువా కప్పారు, పూలగుత్తి ఇచ్చారు, "మా కుటుంబంలోకి స్వాగతం" అన్నారు. నాలుగేళ్ళ నుంచి అక్కడ పాఠం చెబుతున్న నేను వేదిక మీద నిలబడి, మొదటిసారి వచ్చినదానిలా నవ్వాను. ఒకాయన పక్కనుంచి "ఏ రోస్టర్ పాయింట్‌లో వచ్చారమ్మా?" అని మెల్లగా అడిగాడు. ఇంటిపేరు ప్రశ్న ఈసారి ఈ వేషంలో వచ్చింది.

సారా అహ్మద్ 2012లో రాసిన 'ఆన్ బీయింగ్ ఇంక్లూడెడ్' చదివింది ఆ రోజుల్లోనే. పాకిస్తానీ తండ్రికీ ఇంగ్లీషు తల్లికీ పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగిన మనిషి ఆవిడ. బ్రిటన్, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లో వైవిధ్యం పెంచే ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళతో మాట్లాడి ఆ పుస్తకం రాసింది. ఎవరినైనా స్వాగతించామంటే, వాళ్ళు ఈ ఇంటివాళ్ళు కాదని ముందే తేల్చినట్టేనని ఆమె వాదన. చుట్టం ఎంత గౌరవం పొందినా చుట్టమే. వడ్డించేవాళ్ళది ఇల్లు. స్వాగతానికి బదులుగా కృతజ్ఞత చూపించాలి, గొడవ చెయ్యకూడదు. విద్యార్థినులపై జరిగిన లైంగిక వేధింపుల్ని సంస్థ పట్టించుకోకపోవడానికి నిరసనగా 2016లో ఆవిడ లండన్ గోల్డ్‌స్మిత్స్‌లో ప్రొఫెసర్ పదవి వదిలేసింది. అది తెలిశాక ఆ పుస్తకాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాను. అహ్మద్‌తో నాకొక పేచీ ఉంది. ఆమె రాసిన సంస్థల్లో చర్మం రంగు చూడగానే తెలిసిపోతుంది. మన దగ్గర గుమాస్తా అంత కష్టపడి మూడు ప్రశ్నలు అడగాలి. కనిపించనిదాన్ని తవ్వి తీసేదాకా మన స్వాగతం పూర్తి కాదు.

'భాగస్వామ్యం' సంగతి కూడా చెప్పాలి. శాలువా కప్పిన వారంలోనే నాకు ప్రార్థన గీతం ఏర్పాటు, జ్యోతి ప్రజ్వలనకి ఒత్తులూ నూనే, ముఖ్య అతిథికి బొట్టూ పూలూ, సంక్రాంతికి ముగ్గుల పోటీ వచ్చాయి. నాతోపాటు చేరిన ఇద్దరు మగ సహోద్యోగులకి పరీక్షల కమిటీ, కొనుగోళ్ళ కమిటీ వచ్చాయి. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఒకతను ముగ్గుల పోటీకి కుర్చీలు కూడా వేయించాడు. కానీ వచ్చే సెమిస్టర్‌లో ఎవరికి ఏ పేపరు అన్నది గేటు బయట టీ కొట్టు దగ్గర సాయంత్రం ఆరింటికి తేలుతుంది. ఆ వేళకి నేను బస్సులో ఉంటాను. మర్నాడు మీటింగులో దానికి సంతకం పెడతాను.

ఇప్పుడు తిరగరాసే పనికొస్తాను. భార్యాపిల్లల్ని 'కుటుంబం' చేశాను. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మ్యాపులో ఆడవాళ్ళ మరుగుదొడ్లు గుర్తించి, వాటికి తాళాలు వెయ్యరాదని ఒక వాక్యం చేర్చాను. పుస్తకం హుందాతనం పోతుందని ఒక సభ్యుడు అన్నాడు, ఇంకొకావిడ గట్టిగా నిలబడడంతో ఊరుకున్నాడు. అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు రెండో పేజీలోకి తెచ్చాను.

పేచీ వచ్చింది ఒక నిర్వచనం దగ్గర. పని ప్రదేశంలో స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యమేస్తుంది. అందులో ఉద్యోగి అంటే రెగ్యులర్, తాత్కాలిక, అడ్‌హాక్, దినకూలీ, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్ళు, ప్రొబేషనర్లు, ట్రైనీలు, అప్రెంటిస్‌లు అందరూ. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా. క్యాంపస్‌లో పనిచేసే ప్రతి మనిషినీ ఒకే మాట కిందకి తెచ్చిన చట్టం వేధింపుల గురించి కావడం మీద ఒక వ్యాసం రాయొచ్చు. స్వాగతం దగ్గర లెక్కలోకి రానివాళ్ళు గాయం దగ్గర లెక్కలోకి వచ్చారు. ఆ నిర్వచనాన్ని మొదటి పేజీలో పెట్టి, 'ఈ పుస్తకంలో ఉద్యోగి అంటే వీళ్ళందరూ' అని రాశాను.

వెనక్కొచ్చింది. చట్టంలో ఉంటే ఉండనీ, మన పుస్తకంలో మనమే వాళ్ళని ఉద్యోగులంటే రేపు క్రమబద్ధీకరణ కేసులో ఇదే కాగితం చూపిస్తారు మేడమ్ అన్నారు. చాలా సౌమ్యంగా, గొంతు తగ్గించి అన్నారు. నాకు వుల్ఫ్ గ్రంథాలయం తలుపు గుర్తొచ్చింది. కానీ ఈసారి నేను తలుపుకి లోపలి వైపున్నాను. 'అలాగే సార్' అన్నాను. గెస్ట్ లెక్చరర్‌గా నేనున్న నాలుగేళ్ళనీ నా చేత్తోనే కొట్టేశాను.

తాళంచెవి ఇచ్చిన ఆవిడ పన్నెండేళ్ళుగా మా భవనంలోనే ఊడుస్తోంది. కాంట్రాక్టు ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త గుర్తింపు కార్డు ఇస్తారు, దాని మీద కొత్తగా చేరిన తేదీ వేస్తారు. కాగితం ప్రకారం ఆవిడ ఇప్పటికి నాలుగుసార్లు కొత్త ఉద్యోగి. చివరిసారి చేరిన తేదీ చూస్తే నాకంటే జూనియర్. గ్రాట్యుటీకి అయిదేళ్ళు నిండాలంటే ఎప్పుడూ నిండదు. మొన్న ఈ పుస్తకం గురించి చెబితే, "కొత్తోళ్ళకు అన్నీ రాసిన్రా? గా మెట్ల సంగతి రాసినవా?" అని అడిగింది. రాయలేదు. ఎలా రాయాలో తెలియలేదు. అక్కడ దీపం పెట్టమని మాత్రం అర్జీ పెట్టాను, ఆ అర్జీ కింద సంతకం పెట్టడానికి మా శాఖలో ముగ్గురం మాత్రమే దొరికాం.

ప్రూఫులు వచ్చే సోమవారం వస్తాయి. అచ్చుకి వెళ్ళేముందు చివరిగా చూసేది నేనే. మొదటి పేజీలో కొట్టేసిన చోటు ఖాళీగా ఉంది, సుమారు ఆరు పంక్తుల ఖాళీ. అక్కడ విశ్వవిద్యాలయం ముద్ర పెద్దది చేసి వేస్తే సరిపోతుందని ప్రెస్సు అతను ఫోన్ చేశాడు. సోమవారం చెబుతానన్నాను.