పరదా ఎత్తే వేళ

పాలీహౌస్ అందం చూడాలంటే డిసెంబరులో, తెల్లవారకముందే ఆదిలాబాద్ వైపు వెళ్లాలి. బయట చలి 5 డిగ్రీల దగ్గర వణికిస్తుంటుంది, పత్తి చెట్ల మీద మంచు. రెండు తలుపులు దాటి లోపల అడుగుపెడితే నెత్తిన 200 మైక్రాన్ల పాలిథిన్ కప్పు, దాని లోపలివైపంతా సన్నటి నీటి బొట్లు. వట్టి పాలిథిన్ అయితే నేల విడిచే వేడిని రాత్రంతా ఆకాశానికి వదిలేస్తుంది. దాన్ని కొంతయినా ఆపేది ఆ బొట్ల పొరే. మొక్కలు తాము వదిలిన తడినే దుప్పటిగా కప్పుకుని పడుకున్నాయన్నమాట! ఈ ముచ్చట తెలిశాక ఆ కప్పును తలెత్తి చూడకుండా ఉండలేను.

అయితే దుప్పటిని వేళకు తీయాలి. ఎండ తగలగానే బొట్లు ఒకదాన్నొకటి కలుపుకుని బరువెక్కి జారతాయి. ఆకు మీద పడి నిలిస్తే తెగులే. అలాగని పక్కగోడలుగా వేలాడే పరదాను ఒక్కసారిగా లేపితే చలిగాలి చిగుళ్లను కొడుతుంది. అందుకే హ్యాండిల్ తిప్పే చెయ్యి తొందరపడదు. ముందు జానెడు, కాసేపాగి మూరెడు.

మే నెలలో కరీంనగర్ దగ్గర ఇదే ఇంటి తీరు తలకిందులు. చలిదేశాలవాళ్లు వేడి దాచుకోవడానికి కట్టుకున్నదాంట్లోంచి మనం 45 డిగ్రీల ఎండలో వేడిని వెళ్లగొట్టాలి. 35 దాటితే క్యాప్సికం పూత రాలుతుంది. పై కిటికీ గాలికి ఎదురుగా కాదు, అవతలి దిక్కుకు తెరుచుకుంటుంది. కప్పు మీదుగా పోయే గాలి లోపలి ఉక్కను లాగేస్తుంది. ఫాగర్లు కాసేపు పొగమంచు ఊది ఊరుకుంటాయి. పాలపొరలాంటి కప్పులోంచి దిగే వెలుతురు చెదిరి, అడుగు ఆకుకూ అందుతుంది. ఫ్యాన్లు, తడి ప్యాడ్లు పెట్టి బిగించిన ఇళ్లూ ఉన్నాయి. వాటి పనితనం ఒప్పుకుంటాను కానీ ఆ హోరు నాకు రుచించదు.

ఇన్ని హంగులకు ఖర్చూ ఎక్కువే. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ప్రభుత్వం 75 శాతం రాయితీ ఇచ్చినా ఎకరం పాలీహౌస్ చిన్నరైతుకు అలవి కాలేదు. తెలంగాణలో పనిచేసే ఖేతీ సంస్థ చిన్న కమతానికి సరిపడే గ్రీన్‌హౌస్ తెచ్చి, 2022లో ఎర్త్‌షాట్ బహుమతి అందుకుంది.

ఈ ఇళ్లకు పురుగును ఆపడానికి కట్టే వల తేనెటీగనూ ఆపుతుంది. లోపల వేసే కీరాకు దిగుల్లేదు, పరాగం లేకుండానే కాసే రకాలు. టమాటాకు మాత్రం గాలి ఊపు కావాలి. పొద్దెక్కి పూలు ఆరాక ఒకామె వరుస వెంట నడుస్తూ, పైనుంచి వేలాడే ఒక్కో దారాన్ని వేలితో మీటుతుంది. కొమ్మ సన్నగా వణుకుతుంది, పువ్వులోనే పుప్పొడి రాలుతుంది. వరుస చివరికి చేరాక, పరదా ఇంకో జానెడు ఎత్తుతుంది.