అతుకు లోపల

పాతూరి నాగభూషణముగారు 1935లో పెదవడ్లపూడి వద్ద కాలువపై నడిపించిన పడవ గ్రంథాలయమును గూర్చి మా తండ్రిగారు చెప్పగా విన్న నాటినుండి, పుస్తకమే పాఠకుని గుమ్మము చెంతకు ప్రయాణించిపోవుట యనునది నా మనస్సున తీరని ముచ్చటగా నిలిచియుండెను. ఉద్యోగ విరమణానంతరము ఒక పాఠశాలవారు అమ్మివేసిన పాత బస్సును కొని, మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము బండి రూపు మార్చుటకు ముందుగా పొందవలసిన అనుమతిని పొంది, దానిని విజయవాడ ఆటోనగరులో బాడీలు కట్టు ఒక షెడ్డు ప్రక్కన నిలిపి, గడచిన ఏడు మాసములుగా నా చేతులతోనే గ్రంథాలయముగా మార్చుచున్నాను. సీట్లు ఊడదీయుట, తుప్పు గోకుట, రంగు వేయుట మున్నగువానిని గూర్చి విశేషముగా చెప్పవలసినది లేదు. ఓపిక గలవాడెవ్వడైనను చేయగలడు. నేను చెప్పదలచినది ఇనుమును అతుకుటను గూర్చియు, బ్యాటరీకి తీగలు కలుపుటను గూర్చియు. ఇవి రెండును వేర్వేరు విద్యలని తలచి మొదలుపెట్టితిని.

ప్రథమమున పుస్తకముల అరలకు చట్రములు కట్టితిని. 3 మిల్లీమీటర్ల మందముగల చదరపు పైపును కోసి, 12 నంబరు రాడ్డు తగిలించి, యంత్రమును 60 ఆంపియర్ల వద్ద నిలిపి, పైపు కాలి రంధ్రము పడునేమో యను భయముతో చేతిని త్వరత్వరగా జరుపుకొనిపోయి, స్లాగని వెల్డర్లు పిలుచు చిట్టెమును సుత్తితో రాల్చి చూడగా, జరీ అంచువలె నిండుగా మెరయుచున్న ఆ కుట్టు కనబడి పరమానందభరితుడనైతిని. నలువది ఏండ్లుగా బస్సు బాడీలు కట్టుచున్న మేస్త్రి వచ్చి, దానిని కంటితో గాక సుత్తితో పరీక్షించెను. రెండవ దెబ్బకు పైపు ఊడి క్రింద పడినది.

“ఇది అతుకు కాదు మాస్టారూ, అంటింపు. పైన కూర్చుంది గానీ లోపలికి దిగలేదండి,” అని అతడు ఊడిన ముక్కను నా చేతిలో పెట్టెను. వెలుతురునకు త్రిప్పి చూచితిని. పైపు అంచున నా రంపము గీచిన గీతలు చెక్కుచెదరక అట్లే యున్నవి. కరిగిన లోహము వానిపై మైనమువలె ప్రాకినదే గాని వానిని తనలో కలుపుకొనలేదు. మేస్త్రి యంత్రమును 85కు పెంచి, రాడ్డును పైపునకు మరింత దగ్గరగా పట్టించి, “కంటితో కాదండి, చెవితో చూడండి. నూనెలో వడియాలు వేగినట్టు ఆగకుండా వినబడాలి,” అనెను. ఆ ధ్వని నాకు పట్టుబడుటకు మూడు వారములును, లెక్కలేనన్ని పైపు ముక్కలును పట్టినవి.

ఆ వారములలోనే తక్కిన జాగ్రత్తలును అలవడినవి. బస్సు చట్రముపై రాడ్డు ముట్టించుటకు ముందు ఇంజను బ్యాటరీ మైనస్ తీగను విప్పవలెను. ఎర్త్ క్లాంపును అతుకునకు సమీపముననే పట్టించవలెను, లేనిచో ఆ విద్యుత్తు బేరింగుల గుండ దారి చేసికొని వానిని పాడుచేయును. జీఐ షీటుపైనుండు జింకు పూతను గీసివేయక వెల్డింగు చేసిన నాటి రాత్రి నాకు చలిజ్వరము వచ్చినది. ఆ పొగవలన కలుగు జ్వరము మరునాటికి దిగునదే యైనను, నాటినుండి గ్రైండరుతో పూత తీయనిదే పని ముట్టను.

ఇక బ్యాటరీ. లిథియం ఐరన్ ఫాస్ఫేటు సెల్లులు ఎనిమిది, ఒక్కొక్కటి 3.2 వోల్టులు, 280 ఆంపియర్-గంటలు. వరుసగా కలిపినచో 25.6 వోల్టులు, ఏడు యూనిట్లకు పైగా నిలువ. దానిపై 2000 వాట్ల ఇన్వర్టరు. వేసవిలో పిల్లలు చదువుకొను వేళ ఏసీయు, జిరాక్సు యంత్రమును కలిసి నడిచినచో బ్యాటరీ నుండి ఎంత విద్యుత్తు పారునో గుణించి చూడగా, ఇన్వర్టరు తినునది కూడ కలుపుకొని, ఇంచుమించు 85 ఆంపియర్లని తేలినది. ఆ అంకెను కాగితముపై చూచి కొంతసేపు కదలకుండ కూర్చుంటిని. మేస్త్రి యంత్రముపై త్రిప్పిన అంకెయు అదియే. రాడ్డు కొనకును ఇనుమునకును నడుమ మండు ఆర్కు వోల్టేజియు ఇరువది పైచిలుకే. ఊరికి దూరముగా బండి విరిగినప్పుడు రెండు మూడు లారీ బ్యాటరీలను వరుసగా కలిపి, వానితోనే వెల్డింగు చేసికొనువారు కలరు. కావున నేను బల్ల క్రింద అమర్చుచున్నది పేరునకు బ్యాటరీయే గాని, స్వభావముచేత వెల్డింగు యంత్రము.

ఈ మాట నాకు కాగితముపై బోధపడిన నాల్గవనాడు చేతికి బోధపడినది. సెల్లులను కలుపు రాగిబద్దలపై నట్లు బిగించుచుండగా 10 నంబరు పానా జారి, దాని రెండవ కొన ప్రక్క సెల్లు ధ్రువమునకు తగిలెను. నీలపు మెరుపు, పిడుగువంటి చప్పుడు. పానాను లాగివేయగా దాని అంచున శనగగింజ పట్టునంత గుంట పడి, చుట్టును నీలముగా కమిలియున్నది. రెండు సెల్లుల 6.4 వోల్టులు మాత్రమే చేసిన పని యది. ఫ్యూజు చెక్కుచెదరలేదు, ఏలయనగా ఫ్యూజు తన తరువాతనున్న తీగను కాపాడునే గాని తనకు వెనుకనున్న సెల్లులను కాపాడజాలదు. ఇప్పుడు పానాకు కొన తప్ప నిలువెల్ల ఇన్సులేషను టేపు చుట్టియున్నది. పని చేయుచున్న ధ్రువము తప్ప తక్కినవాటిపై రబ్బరు పరచి, ఉంగరమును గడియారమును తీసి డబ్బాలో పెట్టిన పిదపనే కూర్చుందును.

విద్యుత్ప్రవాహమువలన పుట్టు వేడిమి ఆ ప్రవాహపు వర్గమును అనుసరించి పెరుగునని జేమ్స్ జూల్ 1841లో ప్రకటించెను. దానిని మా బస్సునకు అన్వయించి చూచితిని. తీగ తన కొనకు తగిలించిన లగ్గను లోహపు తొడుగులో సరిగా కూర్చుండక అచట ఒక ఓములో నూరవ వంతు నిరోధమున్నచో, 85 ఆంపియర్లు పారునప్పుడు ఆ బొటనవ్రేలంత చోట 72 వాట్ల వేడిమి పుట్టును. సోల్డరింగు ఐరనుకంటె ఎక్కువగా కాలుచున్న ఆ వస్తువు పుస్తకముల ప్రక్కన, చెక్కపలక వెనుక, ఎవ్వరికిని కనబడక దాగియుండును. వెల్డింగులో అతుకువద్ద వేడిమిని కోరి పుట్టించితిమి. చాలలేదని మేస్త్రి సుత్తితో కొట్టి చెప్పెను. ఇచటనో అదే ప్రవాహము అతుకును దాటునప్పుడు వేడిమి జాడయే యుండరాదు.

అందుచేత లగ్గులనుకూడ మేస్త్రి పద్ధతిననే పరీక్షించితిని. 35 చదరపు మిల్లీమీటర్ల రాగితీగను లగ్గులో దూర్చి సుత్తితోను ఉలితోను నొక్కినది ఒకటి, హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కినది ఒకటి. రెంటిని అడ్డముగా రంపముతో కోసి ఆకురాయితో నునుపు చేసితిని. మొదటిదానిలో వెంట్రుకలవంటి పోగులు విడివిడిగా, నడుమ నల్లని సందులతో కనబడినవి. రెండవదానిలో పోగన్నది వెదకినను దొరకదు, రాగిముద్ద ఒక్కటే. కొందరు లగ్గులో సీసపుటతుకు పోసి నింపుదురు గాని, బస్సుకది తగదు. ఆ సీసము పోగులలోనికి ప్రాకి తీగను బిరుసెక్కించగా, గతుకుల దారి కుదుపులకు అది సరిగా ఆ చోటనే విరుగును.

మొన్న ఆదివారము అన్నిటిని కలిపి, ఏసీయు జిరాక్సును అరగంట నడిపి, స్విచ్చి కట్టివేసి, ఒక్కొక్క లగ్గుపై వ్రేళ్ల వెనుకభాగమును ఆనించి చూచితిని. ఏడు చల్లగా నుండెను. ఇన్వర్టరు వైపు ప్లస్ లగ్గు మాత్రము, జ్వరము వచ్చి తగ్గిన బిడ్డ నుదురువలె, నులివెచ్చగా తగిలెను. నట్టు వదులేమోనని బిగించి మరల అరగంట నడిపితిని. మరల అదే వెచ్చదనము. పైకి చూచుటకు అది తక్కిన ఏడింటికంటె అందముగానే యున్నది. తీగను విప్పి, ఆ లగ్గును వైసులో బిగించి, రంపము తీసికొంటిని.