అరిసెలు ఎప్పుడు పంచారు?

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు. గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు. తెలుగు నేలంతటా ఉన్న ఆచారమే ఇది. ఇంటింటికీ వరుస కొంచెం మారుతుంది. కొందరు కూర్చుంటే కుడుములు కూడా చేస్తారు. దీన్ని ముద్దుముచ్చటగానే చూస్తాం. కానీ శిశు వికాసం మీద పీహెచ్‌డీ చేసేవారు రాయలసీమలోని పెద్దతిప్పసముద్రం లాంటి మండలంలో తలుపు తట్టినప్పుడు మొదట అడగాల్సింది ఈ పిండివంటల గురించేనని నా గట్టి నమ్మకం.

"మీవాడు ఏ నెలలో నడిచాడమ్మా?" అంటే "ఏడాది లోపే" అన్న జవాబు తేలిగ్గా వచ్చేస్తుంది. పెద్దబిడ్డ సంగతి చిన్నబిడ్డకు అంటుకుంటుంది. అదే "అరిసెలు ఎప్పుడు పంచారు?" అని అడిగితే అవ్వ లెక్క తీస్తుంది: ఉగాదికి ముందా, వేరుశనక్కాయలు పీకేటప్పుడా, ఎవరి పెళ్లయిన నెలలోనా అని. తిన్నది గనుక పక్కింటావిడ సాక్ష్యం చెబుతుంది. తేదీలు నికరంగా తెలియని చోట పండగలు, పంటకోతల పట్టిక పెట్టి వయసు రాబట్టడం సర్వేలు చేసేవారి పాత పద్ధతి. మన ఆచారం ఆ పట్టికను ఒక్కో బిడ్డకూ విడిగా తయారుచేసి ఉంచింది.

అందులో పరిశీలన కూడా ఉంది. గడప దాటడం అంటే నేల మీద పాకడం ఒక్కటే కాదు. ఎత్తును చూసి, చేతులు అవతల ఆనించి, బరువు మార్చుకుని, మోకాలు ఎత్తి దిగడం. (టైల్స్ పరిచిన కొన్ని కొత్త ఇళ్లలో గడపే లేదు, ఆ పరీక్షా లేదు.) అరిసెల మీద అడుగులు వేయించేటప్పుడు ఊతం లేకుండా నడుస్తున్నాడో లేదో అందరూ చూస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ సహా 5 దేశాల్లో 816 మంది పిల్లలను గమనించి, ఊతం లేని నడకకు 8.2 నుంచి 17.6 నెలల దాకా వ్యవధి ఇచ్చింది. వారిలో 4.3 శాతం మంది చేతులూ మోకాళ్ల మీద పాకనేలేదు. పాకకుండానే లేచి నడిచిన బిడ్డ ఇంట్లో ఒక వంట తప్పిందంతే, కంగారు అక్కర్లేదు.

ఆచారంలో ఖాళీలూ ఉన్నాయి. తల్లి చూసినవైపు చూడటం, వేలు పెట్టి చూపించడం, బొటనవేలు చూపుడువేలు కలిపి మరమరం ఏరుకోవడం, వీటికి వంటల్లేవు. శిశు వికాసాన్ని కొలిచే బెయిలీ కొలమానాన్ని బరోడాలో ప్రమీలా ఫాటక్ మన పిల్లలకు తగ్గట్టు మలిచిన పరీక్షలో శరీర కదలికలకు 67 అంశాలుంటే, మనోవికాసానికి 163 ఉన్నాయి. మన పిండివంటల వరుసలో కాళ్లూ చేతులదే పెద్దవాటా.

మాటల సంగతి ఇంకా లోతైనది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఒక పరిశోధన ప్రచురించారు. శబ్దం మారినప్పుడు బిడ్డ తల తిప్పితే బొమ్మ కదులుతుంది; అలా అలవాటు చేసి, నోరులేని బిడ్డ చేత జవాబు చెప్పించారు. ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలు 6–8 నెలల్లో హిందీలోని 'త', 'ట' తేడాను పట్టుకున్నారు. 10–12 నెలలకు ఎక్కువమంది దాన్ని పోగొట్టుకున్నారు. చిలకలు పంచేనాటికి చెవి ఎంతో పని చేసేసి ఉంటుందన్నమాట. తెలుగు పిల్లల మాట మీదా డాక్టరేట్ పని జరిగింది. ఉస్మానియాలో సి. నిర్మల చేశారు, పదం నడిమి సంయుక్తాక్షరాలను పిల్లలు ఎలా నేర్చుకుంటారో రాసిన ఆమె వ్యాసం 1981లో అంతర్జాతీయ పత్రికలో వచ్చింది.

పరిశోధకులు మరవకూడనిది ఒకటుంది. బెల్లం, నెయ్యి కొనలేని ఇంట్లో అరిసెలుండవు. అమ్మానాన్నలు బెంగళూరు పనులకు పోయి, బిడ్డ అవ్వ దగ్గర పెరిగే ఇంట్లో పంచేవారే ఉండకపోవచ్చు. వంటల జ్ఞాపకాన్ని మాత్రమే నమ్ముకుంటే ఈ పిల్లలే లెక్కలోంచి జారిపోతారు, అధ్యయనం అవసరం ఎక్కువున్నదీ వాళ్లకే. అక్కడ అంగన్‌వాడీ టీచరు చేతిలోని పుస్తకం, నెలనెలా వెళ్లి కళ్లారా చూడటం, ఈ రెండే దారి.

కుప్పంలో ఇంకో చిక్కు. మూడు రాష్ట్రాలు కలిసేచోట బిడ్డ ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, సంతలో కన్నడం వింటుంది. తెలుగు మాటలు మాత్రమే లెక్కపెడితే ఆ బిడ్డ వెనకబడినట్టు కనిపిస్తుంది. మూడూ కలిపి చూస్తే లెక్క మారిపోతుంది. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఆ ఊళ్లోనే ఉంది. అక్కడి విద్యార్థి ఎవరైనా ఆ మూడు భాషల ఇళ్లకే వెళ్లి, ఏ పిండివంట ఎప్పుడు పంచారో, ఏ మాట ఏ భాషలో ముందు వచ్చిందో బిడ్డబిడ్డకూ రాసుకుంటూ పోతే అదే ఒక సిద్ధాంత గ్రంథం.