తుఫాను హెచ్చరిక – తెలుగు లిపి: ఫోన్లలో 'తప్పనిసరి' లక్షణాల వివేచన

కీలక పదాలు: ఐ.ఎస్. 16333, యూనికోడ్, సంక్షిప్త సందేశం, తెలుగు లిపి, కోనసీమ

1. ప్రవేశిక

1996 నవంబరు 6 రాత్రి విరుచుకుపడిన తుఫాను కోనసీమలో వందలాది ప్రాణాలను బలిగొంది. నాడు తీర గ్రామాలకు, లంకలకు హెచ్చరికను చేరవేయడమే పెద్ద సమస్య. నేడు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఫోను సామాన్య వస్తువు. అందువల్ల ప్రశ్న మారింది: చేరిన హెచ్చరికను ఆ ఫోను చదవదగిన తెలుగులో చూపగలదా? ఏ ఫోనుకు ఏ సామర్థ్యం తప్పనిసరి కావాలన్నది యంత్రనిపుణుల చర్చ మాత్రమే కాదు. అది లిపికీ చదువరికీ సంబంధించిన విషయం కూడా.

2. విధ్యర్థక స్థాయిలు

ఇంటర్నెట్ ప్రమాణపత్రాల్లో బాధ్యతను సూచించే పదాలను 1997లో స్కాట్ బ్రాడ్నర్ రాసిన ఆర్.ఎఫ్.సి. 2119 నిర్వచించింది. అందులోని 'మస్ట్', 'షుడ్', 'మే' అనేవి మూడు వేర్వేరు స్థాయిలు. తెలుగులో '-వలెను' మొదటి రెండింటికీ చెల్లుతుంది. కనుక 'తప్పనిసరి', 'వాంఛనీయం', 'ఐచ్ఛికం' అని విడదీయడం అవసరం. పరికరాల మధ్య సంధానానికి గాని, హాని నివారణకు గాని అవసరమైనచోటనే 'తప్పనిసరి'ని పొదుపుగా వాడాలని ఆ పత్రం సూచిస్తుంది. తుఫాను హెచ్చరికలో ఈ రెండు కారణాలూ ఉన్నాయి.

3. అక్షరాల లెక్క

ఒక సంక్షిప్త సందేశంలో ఇంగ్లీషుకు 160 స్థానాలుంటే, యూనికోడ్ తెలుగుకు 70 మాత్రమే. 'తుఫాను హెచ్చరిక' అన్నది చదువరికి ఏడు అక్షరాలు. యంత్రానికి ఖాళీతో కలిపి 15 స్థానాలు. గుణింతపు గుర్తు, పొల్లు, ఒత్తు పొందే హల్లు విడివిడిగా లెక్కకు వస్తాయి.

ఈ ఇరుకును తగ్గించడానికి మొబైల్ ప్రమాణాల్లో తెలుగు సహా పలు భారతీయ భాషలకు ప్రత్యేక అక్షరపట్టికలను చేర్చారు. అయితే వాటిని ఐచ్ఛికంగానే ఉంచారు. పట్టిక లేని ఫోనులో ఆ సందేశం అర్థంలేని గుర్తులుగా మారుతుంది. హెచ్చరిక పంపేవారు అన్నింటికన్నా బలహీనమైన ఫోనును దృష్టిలో పెట్టుకొని రాయాలి. అందుచేత కొన్ని ఫోన్లలో మాత్రమే ఉన్న సౌకర్యం ఎవరికీ ఉపయోగపడదు. ఐచ్ఛికతకు అసలు పరిమితి ఇదే.

4. భారతీయ ప్రమాణం

భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో వెలువరించిన ఐ.ఎస్. 16333 మూడవ భాగం చదవడాన్నీ రాయడాన్నీ వేరుచేసింది. 22 అధికార భాషలనూ తెరపై చూపడం తప్పనిసరి. టైపు చేయడానికి ఇంగ్లీషు, హిందీలతో పాటు మరొక భారతీయ భాష ఉంటే చాలు. చదివే హక్కుకు పెద్దపీట వేయడం ఈ ప్రమాణం గొప్పతనం. కానీ ఆ 'మరొక భాష' తెలుగే కానవసరం లేదు. అంటే కోనసీమలో అమ్మే ఫోను తెలుగును చూపుతూనే, తెలుగులో జవాబు రాయనివ్వకపోయినా నిబంధనను పాటించినట్లే.

పన్నెండు మీటల కీప్యాడ్ ఫోనుకు ఈ సడలింపు సమంజసమే. మీటలపై చోటు తక్కువ, పైగా జవాబును మాటతోనూ చెప్పవచ్చు. తాకుతెర ఫోనులో మీటల పలక కేవలం సాఫ్ట్‌వేర్. అక్కడ చోటు లేదన్న వాదన నిలవదు. రెండు రకాల ఫోన్లకూ ఒకే కొలబద్ద వాడటం ఈ ప్రమాణంలోని లోపం.

'చూపడం' అన్న మాటను కూడా నిశితంగా నిర్వచించాలి. ఒత్తు విడిపోయి, పొల్లు బయటపడితే అది చూపడమే గాని చదివించడం కాదు. ఖరీదైన ఫోనైనా దీనికి మినహాయింపు కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'కు సంబంధించిన ఒక అక్షరరూపం ఐఫోన్లలోని అనువర్తనాలను స్తంభింపజేయగా, ఆపిల్ 11.2.6 సవరణతో దాన్ని సరిదిద్దింది.

5. ముగింపు

తప్పనిసరిని నిర్ణయించవలసింది ఫోను ధరను బట్టి కాదు, లోపం వల్ల కలిగే హానిని బట్టి. తెలుగు సందేశాన్ని అందుకొని సరైన అక్షరరూపంలో చూపడం అన్ని ఫోన్లకూ తప్పనిసరి. తెలుగు టైపింగు తాకుతెర ఫోన్లకు తప్పనిసరి, కీప్యాడ్ ఫోన్లకు వాంఛనీయం. అదనపు హంగులు ఐచ్ఛికం. వరదగోదావరి నడుమ లంకలో ఉన్న మనిషి చేతిలో అతి చవకైన ఫోనే ఉండవచ్చు. ప్రమాణం మొదట ఆలోచించవలసింది ఆ ఫోను గురించే.