అంటు, అంట్లు, అంటువ్యాధి: దిగ్బంధ కాలంలో మూడు తరాల ఇల్లు

వ్యాససంగ్రహం:
2020 నాటి కోవిడ్ దిగ్బంధాన్ని తలచుకునే రచనల్లో తాత, కొడుకు, మనుమలు ఒకే కప్పు కింద గడిపిన రోజుల చిత్రణ తరచుగా కనిపిస్తుంది. ఆ చిత్రణను ఉమ్మడి కుటుంబ పునరాగమనంగా చదవడం ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇందుకు ఇంటి పదజాలాన్ని, కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ జారీ చేసిన గృహ క్వారంటైన్ మార్గదర్శకాలను, ఫకీర్ మోహన్ సేనాపతి ఒడియా కథ ‘రేవతి’ని ఆధారం చేసుకుంటుంది.

కీలకపదాలు: కోవిడ్, క్వారంటైన్, మడి, అంటు, మూడు తరాల కుటుంబం, ఇంటిచాకిరి, రేవతి.

1. ఉపోద్ఘాతం:
2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ పాటించారు. మార్చి 25 నుంచి 21 రోజుల దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. దానిని దఫదఫాలుగా మే 31 వరకు పొడిగించారు. బడి, కార్యాలయం, గుడి, సంత మొదలైనవి అంతవరకు ఇంటి మనుషులను పగటిపూట వేర్వేరు చోట్లకు పంచిన స్థలాలు. అవి ఒక్కసారిగా మూతపడటంతో, ఉదయం విడిపోయి రాత్రి కలిసే కుటుంబం రోజంతా ఒకేచోట మసలవలసి వచ్చింది.

ఈ స్థితిపై రెండు అభిప్రాయాలు స్థిరపడ్డాయి. తాతా మనుమలు మళ్లీ దగ్గరయ్యారని, పెద్దల అలవాట్లే అందరినీ కాపాడాయని చెప్పేది మొదటిది. ఇల్లే చెరసాల అయిందనేది రెండవది. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు అభిప్రాయాలూ ఇంటిని ఒకే ముద్దగా చూస్తాయి. పడకకుర్చీలోని తాతకు, వంటింట్లోని కోడలికి, ఫోన్ కోసం తన వంతు రావాలని ఎదురుచూసే మనుమరాలికి ఆ రోజులు ఒకేలా గడవలేదు. ఆ తేడాను చూపగలిగిందా లేదా అన్నదే దిగ్బంధ కాలపు కుటుంబ కథనానికి గీటురాయి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. ఒక ధాతువు, మూడు మాటలు:
క్వారంటైన్ అన్న మాటకు మూలం ఇటాలియన్‌లో నలభై అనే అర్థమున్న పదం. 1377లో రగూసా (నేటి డుబ్రోవ్నిక్) నగరం తెగులు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చేవారిని ముప్పై రోజులు వేరుగా ఉంచింది. తరువాతి కాలంలో ఆ గడువు నలభై రోజులైంది. కాబట్టి ఆ పదంలోనే ఒక గడువు ఉంది. గడువు తీరితే మనిషి మళ్లీ మనుషుల్లో కలుస్తాడు.

తెలుగు ఇళ్లలోకి ఈ పదం వచ్చేనాటికే వేరుగా ఉంచడానికి సంబంధించిన మాటలు అక్కడ చాలా ఉన్నాయి: మడి, మైల, పురుడు, ముట్టు, ఎంగిలి. బయటి నుంచి వచ్చినవారు కాళ్లు కడుక్కోవడం, విడి గ్లాసు, విడి చాప పెద్ద తరానికి తెలిసిన పద్ధతులే. అందుకే ‘మా పెద్దలు ఎప్పుడో చెప్పారు’ అన్న మాట ఆ రోజుల్లో అంత సులభంగా చెల్లుబాటైంది. అయితే ఈ పోలిక వెనుక ఒక భేదం మరుగున పడింది. క్వారంటైన్ వ్యాధి సోకే అవకాశాన్ని చూస్తుంది, పుట్టుకను చూడదు. పురుడు, మైల వంటివాటికి గడువు ఉన్నా, పుట్టుకను బట్టి పాటించిన దూరానికి ఏ గడువూ లేదు.

ఈ భేదాన్ని ‘అంటు’ అన్న ఒక్క మాట పట్టిస్తుంది. అంటువ్యాధి, అంటరానితనం, తోమవలసిన అంట్లు – ఈ మూడింటిలో ఉన్నది అదే మాట. మొదటిది వైద్యానికి, రెండవది రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసిన ఆచారానికి, మూడవది రోజువారీ చాకిరికి చెందినవి. పనిమనిషికి విడిగా ఉంచిన గ్లాసు కోవిడ్‌కు ముందే ఎన్నో ఇళ్లలో ఉంది. మహమ్మారి దానికి శాస్త్రీయత అనే ముసుగును అరువిచ్చింది. మొదట వాడుకలోకి వచ్చిన ‘సామాజిక దూరం’ అన్న పదబంధానికి బదులు ‘భౌతిక దూరం’ అనాలన్న సూచనకు తెలుగు నేలపై అదనపు అర్థం ఉండటానికి కారణం ఇదే.

3. మార్గదర్శకాల్లో లేని కర్త:
ఆరోగ్య మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలను ఒక పాఠంగా చదివితే అవి ఊహించుకున్న ఇల్లు కనిపిస్తుంది. క్వారంటైన్‌లోని వ్యక్తి గాలి, వెలుతురు వచ్చే విడి గదిలో ఉండాలి. వీలైతే మరుగుదొడ్డి కూడా విడిగా ఉండాలి. వృద్ధులకు, గర్భిణులకు, పిల్లలకు, ఇతర వ్యాధులున్నవారికి దూరంగా మెలగాలి. గిన్నెలు, గ్లాసులు, తువ్వాళ్లు, పక్కబట్టలు ఇతరులతో పంచుకోరాదు. రెండు గదుల్లో ఆరుగురుండే ఇంట్లో ఇవి ఆచరణకు అందవు. తాత, మనుమడు ఒకే మంచం పంచుకునే ఇంట్లో ఎవరిని ఎవరికి దూరం చేయాలి?

అంతకంటే గమనించదగింది మరొక నిబంధన: కుటుంబంలో ఒకే సభ్యునికి సేవ బాధ్యతను అప్పగించాలి. అప్పగించేదెవరో, ఆ సభ్యుడు ఎవరో వాక్యంలో లేదు. పాలనాభాష ఖాళీగా వదిలిన ఆ స్థానాన్ని ఇల్లు వెంటనే పూరిస్తుంది. అత్తగారి కషాయం, మామగారి మందులు, భర్త జూమ్ సమావేశం నడుమ టీ, పిల్లల ఆకలి, విడిగా కడగవలసిన విడి గిన్నెలు – ఇవన్నీ చేరే చోటు ఒక్కటే. పనిమనిషి రాక ఆగిపోయిన ఇళ్లలో అంట్లు కోడలి చేతికి వచ్చాయి. పనిమనిషి ఇంట్లో జీతం ఆగింది. ఒక ఇంటి కష్టాన్ని చిత్రించే రచన రెండవ ఇంటిని మరచిపోతే ఆ చిత్రం సగమే అవుతుంది.

4. తెర ముందు తరాలు:
దూరదర్శన్ 2020 మార్చి 28 నుంచి రామానంద్ సాగర్ ‘రామాయణ్’ను పునఃప్రసారం చేసింది. 1987లో తొలి ప్రసారం చూసిన తరం దానిని మనుమల పక్కన కూర్చుని మళ్లీ చూసింది. ఇది తరాల కలయికకు నిజమైన ఉదాహరణే. అయితే తెలంగాణలో అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి డీడీ యాదగిరి, టీ-శాట్ ద్వారా బడి పాఠాలు ప్రసారమయ్యాయి. ఒకే టీవీ ఉన్న ఇంట్లో అదే తెర నానమ్మ కాలక్షేపానికీ మనుమరాలి తరగతికీ పోటీ స్థలమైంది. ఒకే స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇంట్లో అన్న, చెల్లెలు ఇద్దరిలో మొదటి వంతు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. ఆప్యాయత, పోటీ ఒకే గదిలో ఉండటమే ఈ కుటుంబ జీవితపు వాస్తవికత.

5. ‘రేవతి’ చూపిన నింద:
మహమ్మారి వేళ తరాల మధ్య జరిగేదానిని 1898లోనే గుర్తించిన కథ ‘రేవతి’. తండ్రి శ్యామబంధు, తల్లి, నానమ్మ, చిన్నారి రేవతి – మూడు తరాల చిన్న ఇల్లు అది. రేవతి చదువంటే ఇష్టపడుతుంది. తండ్రి సమ్మతిస్తాడు, నానమ్మకు గిట్టదు. కలరా వచ్చి తల్లిదండ్రులను, ఆ తరువాత చదువు చెప్పిన బాసును కూడా బలి తీసుకుంటుంది. నానమ్మ ఈ విపత్తుకంతటికీ ఆడపిల్ల చదువే కారణమంటుంది.

సేనాపతి నానమ్మను క్రూరురాలిగా తీర్చలేదు. ఆమెది కొడుకును పోగొట్టుకున్న దుఃఖం. కలరా కంటికి కనిపించదు; మనుమరాలి చదువు కనిపిస్తుంది. కనిపించని కారణానికి కనిపించే మనిషిని బాధ్యురాలిని చేయడమే ఇక్కడి విషాదం. ‘ఎవరి వల్ల వచ్చింది’ అన్న ప్రశ్న 2020 ఇళ్లలోనూ వినిపించింది. కూరగాయలకు వెళ్లిన కొడుకు, ఊరికి తిరిగొచ్చిన వలస కూలీ, ఆసుపత్రి విధులు ముగించుకొచ్చిన కోడలు ఆ నింద మోసినవారే. వ్యాధి కంటే ఇంటి అధికార క్రమమే నింద ఎవరిమీద పడాలో నిర్ణయిస్తుందని ‘రేవతి’ నిరూపించింది. దిగ్బంధ కాలపు తెలుగు కథను చదివే విమర్శకు ఇది ఉపయోగపడే కొలమానం.

ముగింపు:
• క్వారంటైన్‌ను మడి, మైలలతో సమానం చేయడం చారిత్రకంగా పొరపాటు. మొదటిదానికి గడువుంది, పుట్టుకను బట్టి పాటించిన అంటుకు గడువు లేదు.
• అధికారిక భాష పేర్కొనని సేవకర్త స్థానాన్ని చాలా ఇళ్లలో కోడలు నింపింది. సాహిత్యం ఆమెను త్యాగమూర్తిగా కీర్తించి వదిలేస్తే ఆ మౌనాన్నే కొనసాగించినట్లవుతుంది.
• తరాల ఆత్మీయత నిజం. గది, తెర, చాకిరి, నింద ఎలా పంపకమయ్యాయో చూపినప్పుడే ఆ నిజం నమ్మదగినదిగా నిలుస్తుంది.
• దిగ్బంధ కాలపు కథల్లో అంట్లు ఎవరు తోమారన్న ప్రశ్నతో మొదలయ్యే పఠనం కులాన్ని, స్త్రీశ్రమను, వ్యాధిని ఒకే ఇంటి చూరు కింద పరిశీలించడానికి దారి తీస్తుంది. ఈ దిశగా మరిన్ని పరిశోధనలు జరగవలసి ఉంది.